లోపలి గదిలో ఏడ్చిన పిల్ల

తరం వెనక తరాన్ని తన అరచేతిలో నిలిపి ఉంచుతున్న దేవునికి స్తోత్రం. చూపున్న వాళ్లనూ లేని వాళ్లనూ ఒక్కలాగే చూస్తున్న ఆయనకు స్తోత్రం. నేను దాచిన సంగతి మొదటి రోజు నుంచీ ఎరిగి ఉండి కూడా, ప్రతి ఆదివారం నన్ను తన మందిరం గడప దాటనిచ్చిన ఆయన ఓర్పుకు స్తోత్రం.

ఈ మాటలు ముందు చెప్పకుండా నేను ఏదీ మొదలుపెట్టలేను. చిన్నప్పటి అలవాటు. ఈ అలవాటు వెనకే పదిహేడేళ్లు దాక్కున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. మా సంఘంలో ఎవరికైనా ఈ సంగతి చెబితే వాళ్లు వెంటనే ప్రార్థన చేసి, దేవుడు క్షమించాడు, ఇక మరిచిపో అంటారు. నాకది వద్దు. ఇన్నేళ్లు మోసింది అంత తొందరగా దిగిపోవడం నాకు ఇష్టం లేదు. వినేవాళ్లు కావాలి, అంతే. బరువు ఎంతో ముందే చెబుతాను. అది ఒక పసిపిల్ల బరువు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, నేను ఎత్తుకుని తేవాల్సి ఉండి తేని పిల్ల బరువు.

మాది ఖరగ్‌పూర్. మా అమ్మమ్మ భర్త శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. ఇక్కడే విశ్వాసంలోకి వచ్చారు. అప్పటి నుంచి మేమందరం ఈ ఊరి వాళ్లమే. నేను చెప్పే కాలానికి నా భర్త కూడా వర్క్‌షాపులోనే పని చేసేవాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నేను సంఘంలో ఆదివారపు బడి పిల్లలకు వాక్యం నేర్పేదాన్ని. స్త్రీల కూడికలో ముందు నిలబడి మాట్లాడేదాన్ని. బాగా మాట్లాడతానని పేరు ఉండేది. ఆ పేరు నాకు ఇష్టంగా ఉండేది.

మా ఇంట్లో అప్పటికి నాలుగు తరాల ఆడవాళ్లం బతికే ఉన్నాం. అమ్మమ్మ, ఆమె కూతురు మా అమ్మ, నేను, నా కూతురు. అమ్మమ్మకు తొంభై దాటాయి. నా కూతురికి పిల్ల పుడితే అయిదు తరాలు. మా సంఘంలో ఏ ఇంట్లోనూ అలా లేదు. అయిదో తరానికి అమ్మమ్మను ఏమని పిలవాలో మా ఎవరికీ తెలియదు, ఆ పిలుపు ఎన్నడూ అవసరపడలేదు. మా తమ్ముడు ఆమెను ఇంజన్ అనేవాడు. "ముందు ఇంజన్ ఉన్నాది, ఎనకాల మేమందరం బోగీలం, గార్డు డబ్బా తగిలిస్తే బండి కదిలిపోద్ది" అని నా కూతురి కడుపు చూసి నవ్వేవాడు. అమ్మమ్మ కూడా నవ్వేది. "బొగ్గు మాత్రం అయిపోనాదిరా" అనేది.

ఆమెకు చూపు పోయి చాలా ఏళ్లయింది. కంట్లో నీటికాసులు. అప్పటి నుంచి మనుషులను వేళ్లతో చూసేది. నుదురు, కనుబొమలు, ముక్కు, చివరికి నోరు. నోటి దగ్గర వేళ్లు కొంచెంసేపు ఆగేవి. తర్వాత తల మీద చేయి పెట్టి దీవించేది. మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరు రాసిపెట్టిందీ కాదు. పుట్టిన పిల్ల ముఖాన్ని అమ్మమ్మ తడిమి, తల మీద చేయి పెట్టి, ఆమె నోట ఒక మాట వస్తే, ఆ మాటను బట్టి పేరు పెట్టేవాళ్లం. ఆ తర్వాతే ఆ పేరు మందిరంలో చదివేవాళ్లు. నా కూతురికీ, తమ్ముడి పిల్లలకూ అలాగే జరిగింది.

ఇప్పుడు గ్రహణం సంగతి చెప్పాలి. అది చెప్పకుండా దాటెయ్యాలని ఉంది. అసలు సంగతి అదేనేమో.

నా కూతురికి మూడో నెలలో పట్టపగలు సూర్యగ్రహణం వచ్చింది. మా సందులో తెలుగు ఇళ్లూ బెంగాలీ ఇళ్లూ అన్నీ తలుపులు మూసుకున్నాయి. అమ్మమ్మ అప్పుడు ఈ ఊళ్లోనే ఖరిదాలో మా అమ్మ దగ్గర ఉండేది. పొద్దున్నే ఫోన్ చేయించింది. గుంటని కత్తిపీట ముట్టుకోనీకే, వీధిలోకి రానీకే, అంది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. డెబ్బై ఏళ్ల కింద విడిచిపెట్టిన భయం ఆమెలో ఇంకా ఎక్కడో మిగిలి ఉంది కాబోలు. నాకు కోపం వచ్చింది. మనం జీవముగల దేవుణ్ని నమ్మినవాళ్లం. నేను నా కూతుర్ని వరండాలో, సందులో అందరికీ కిటికీల్లోంచి కనపడేలా కూర్చోబెట్టి బీరకాయలు తరగమన్నాను. తను కొంచెం సందేహించింది. నా ముఖం చూసి తరిగింది.

ఆ వారమే స్త్రీల కూడికలో నిలబడి దాన్ని సాక్ష్యంగా చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. నేను చెప్పింది తప్పు కాదు. ఇప్పటికీ గ్రహణానికి నేను భయపడను. కానీ ఆ రోజు నేను దేవుణ్ని ఎత్తి చూపించానా, నన్నా? అప్పుడే నన్ను నేను అడగాల్సిన ప్రశ్న.

పిల్ల పుట్టింది. ఆడపిల్ల. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. లోపల అంగిట్లో కూడా చీలిక ఉంది. గ్రహణమొర్రి అని మన భాషలో దానికున్న పేరు మీకు తెలుసు. డాక్టరు శ్రద్ధగా చెప్పాడు. ఇది ఎవరి తప్పూ కాదు, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, పిల్ల బరువు పెరిగాక ఆపరేషన్ చేస్తే బాగవుతుంది అని. నేను తల ఊపాను. నాకు ముందే తెలిసిన విషయమే. అయినా ఆసుపత్రి మెట్లు దిగుతుంటే నా చెవుల్లో వినపడింది డాక్టరు మాట కాదు, కూడికలో ఆమెన్ అన్న గొంతులు. ఇప్పుడు వాళ్లు ఏమనుకుంటారు?

పిల్లను చూసి నేను జాలిపడలేదని కాదు. పడ్డాను. కానీ జాలి కంటే ముందు సిగ్గు వచ్చింది. అదీ పిల్ల గురించి కాదు, నా సాక్ష్యం గురించి.

నెల దాకా ఎవరూ చూడకూడదని చెప్పి వచ్చినవాళ్లను వరండాలోంచే పంపించాను. అలాంటి పట్టింపులను వెక్కిరించిన నేనే. మా అమ్మ ఆసుపత్రిలోనే పిల్లను చూసింది. ఆపరేషన్ అయ్యేదాకా అమ్మమ్మకు చెప్పొద్దని బతిమాలాను. పెద్దావిడ తట్టుకోలేదని కారణం చెప్పాను. అమ్మ ఒప్పుకుంది. ఈలోగా మా అయ్యగారు, అంటే సంఘ కాపరి, ఒక ఆదివారం అయిదు తరాలకోసం కృతజ్ఞతా ఆరాధన పెట్టి, ముందుగా ప్రకటన చేశారు. ముందురోజు శనివారం అమ్మమ్మ మా ఇంటికి వచ్చి పిల్లను చూసి మాట చెప్పాలి. ఆదివారం పేరు చదవాలి.

శనివారం మధ్యాహ్నం తమ్ముడు అమ్మమ్మను ఆటోలో తెచ్చి, ముందు గదిలో మంచం మీద కూర్చోబెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు. అమ్మ మరునాడు నేరుగా మందిరానికి వస్తానంది. నా కూతురు పెరట్లో స్నానానికి వెళ్లింది. బాలింత స్నానం, వేడినీళ్లు, సాంబ్రాణి, తల ఆరడం, అంతా కలిసి గంట పడుతుంది. పిల్ల లోపలి గదిలో నిద్రపోతోంది.

అమ్మమ్మ వేళ్లు పెదవి దగ్గర ఆగుతాయి. ఆగి, తెలుసుకుంటాయి. అప్పుడు ఆమె అంటుంది, కత్తిపీట వద్దన్నాను కదే అని. ఆ ఒక్క మాట వినకుండా ఉండడానికి నేను ఏం చేశానో ఇప్పుడు రాస్తాను.

పక్క క్వార్టర్లో బెంగాలీ దీదీ ఉండేది. ఆమె మనవరాలికి రెండు నెలలు. మా అమ్మమ్మ పసిపిల్లల్ని ఎత్తుకుంటే సంతోషపడుతుంది, ఓ పావుగంట ఇస్తారా అని అడిగాను. దీదీ నవ్వుతూ ఇచ్చింది. ఏడిస్తే పిలవమంది. ఆ పిల్ల బుగ్గ మీద కాటుక చుక్క ఉంది, అది గుడ్డివాళ్లకు కనపడదు కాబట్టి వదిలేశాను. మొలకు నల్లతాడు ఉంది. దాన్ని మా పిల్ల గౌను కింద కప్పేశాను. ఒళ్లంతా ఆవనూనె మర్దనా చేసి ఉంది. ఈ ఊరి బెంగాలీ పిల్లలందరికీ ఉండే వాసనే. తడిబట్టతో తుడిచి, మేం వాడే కొబ్బరినూనె రాశాను.

చూపు మందగించిన తండ్రి దగ్గరికి, దీవెన కోసం, ఒక కొడుకును ఇంకో కొడుకు వాసనతో పంపించిన బైబిల్లోని తల్లి కథను నేను ఆదివారపు బడిలో ఎన్నోసార్లు చెప్పాను. బొమ్మలు చూపించి చెప్పాను. కొబ్బరినూనె రాస్తున్నప్పుడు నా చేతులకు ఆ కథ గుర్తు వచ్చింది. చేతులు ఆగలేదు.

పిల్లను అమ్మమ్మ ఒళ్లో పెట్టాను.

"ఓలమ్మా, ఏటే ఇంత బరువు?" అంది. "నెలన్నర గుంటేనా ఇది? దీని అమ్మకి ఏటి పెడతన్నావే, కోడిగుడ్లా?"

"పాలు బాగా తాగుతాది అమ్మమ్మా."

ఆమె వేళ్లు నుదురు మీదికి వచ్చాయి. కనుబొమలు. ముక్కు. నేను ఊపిరి పీల్చడం మానేశాను. నోరు. ఆ పిల్ల చక్కిలిగింత పెట్టినట్టు నవ్వింది. రెండు నెలల పిల్లలు నవ్వుతారు.

"నవ్వుతాందే!" అంది అమ్మమ్మ. ఆమె ముఖం వెలిగింది. "ముట్టుకుంటే నవ్వినాది. నవ్వు పేరే పెట్టండి దీనికి." తల మీద చేయి పెట్టి చాలాసేపు ప్రార్థించింది. అన్ని తరాల పేర్లూ వరసగా తలచుకుంది. తన తల్లి నుంచి మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకోలేదు.

ఆమెన్ అన్నాక ఆమె వంగి పిల్ల తలను వాసన చూసింది.

"ఆవనూనె వాసనేటే?"

"ఈ ఊర్లో అందరూ అదే రాస్తన్నారు అమ్మమ్మా. దీదీ ఇచ్చినాది."

"అవునవును" అంది. అప్పుడే లోపలి గదిలో మా పిల్ల లేచి ఏడ్చింది. అంగిలి చీలిన పిల్లల ఏడుపు మామూలుగా ఉండదు. గాలి ముక్కులోంచి పోతుంది.

అమ్మమ్మ తల అటు తిరిగింది. "ఎవల్దే ఆ ఏడుపు?"

"పక్కింటి దీదీ మనవరాలు. ఇక్కడే పడుకోబెట్టినారు."

చూశారా, ఎంత సులువుగా వచ్చిందో. ఇద్దరు పిల్లలనూ నేను తారుమారు చేసేశాను. ఒక్క వాక్యంతో.

"ముక్కులోంచి ఏడుస్తాంది. గుంటకి ఏదో కష్టమున్నాదే. తే దాన్ని కూడాను."

"ఎందుకు అమ్మమ్మా, పరాయి పిల్ల..."

"పరాయి ఏటి? ఏడ్సే గుంటకే కదా ముందు పెట్టాల సెయ్యి. నా సెయ్యేటి అరిగిపోద్దా? తే."

ఎడమచేత్తో ఒళ్లోని పిల్లను పట్టుకుని, కుడిచేయి నా వైపు చాచింది. అరచేయి పైకి.

మీరు ఇంతవరకూ చదివి నా తప్పు పిల్లను మార్చడం అనుకుంటే, అది సగమే. దానికి భయం అని ఒక పేరు పెట్టుకోగలను. ఆ తర్వాతి దానికి ఏ పేరూ దొరకలేదు. ఆదివారపు బడిలో ఆ తల్లి కథ చెప్పినప్పుడు పిల్లలు ఎప్పుడూ ఒకటే అడిగేవాళ్లు, ఆ ఇంకో కొడుక్కి దీవెన మిగల్లేదా టీచర్ అని. మిగల్లేదని చెప్పేదాన్ని. మా ఇంట్లో మిగిలింది. అడక్కుండానే ఆమె ఇస్తానంది. పరాయి పిల్ల అనుకుని కూడా ఇస్తానంది. నేను లోపలికి పది అడుగులు వేసి పిల్లను తెచ్చి ఆ చేతికింద పెడితే చాలు. పెదవి తగిలినా ఫరవాలేదు, దీదీ మనవరాలు అని ఎటూ చెప్పేశాను. నా అబద్ధమే నాకు దారి తెరిచింది. అయినా నేను కదల్లేదు.

ఎందుకు? ఆ రోజు నుంచి నన్ను నేను అడుగుతున్నాను. ఆమె వేళ్లకు తెలిసిపోతుందని భయమా? లేక, పక్కింటి పిల్ల పెదవి చీలిందని అనుకుని ఆమె దాని మీద జాలిపడడం, మా పిల్ల మీద ఎవరైనా జాలిపడడం, నేను చూడలేకపోయానా? తెలియదు. తెలియదని చెప్పడం కూడా ఒక దాక్కోవడమేనేమో.

"ఎల్లిపోనారు అమ్మమ్మా, తీసుకెల్లిపోనారు" అన్నాను.

ఏడుపు ఆగలేదు. గోడ అవతలే వినపడుతోంది. ఆమె వింటోంది. నేనూ వింటున్నాను.

"ఎల్లిపోనారా" అంది చివరికి. ప్రశ్నలా కాదు. చేయి మాత్రం ఇంకా చాచే ఉంది.

నేను ఆ చేతిలో టీ గ్లాసు పెట్టాను.

దీదీ మనవరాలిని ఆమెకు తిరిగి ఇచ్చేశాను. నా కూతురు తడి జుట్టుతో వచ్చి, అమ్మమ్మ చూసిందా, పెదవి ముట్టుకుందా, ఏమంది అని అడిగింది. ముట్టుకుంది, నవ్వుతోంది అంది, అని చెప్పాను. నా కూతురు నిలబడ్డ చోటే ఏడ్చింది. సంతోషంతో. సాయంత్రం తమ్ముడు అమ్మమ్మను తిరిగి ఖరిదాకు తీసుకెళ్లాడు. ఆమె మాటను బట్టే పిల్లకు హాసిని అని పేరు పెట్టారు.

ఆదివారం మందిరంలో అయిదు తరాలం వరసగా కూర్చున్నాం. అయ్యగారు పేరు చదివారు. సంఘమంతా పాడింది. ఫోటో తీశారు. అందులో హాసిని ముఖం శాలువాలో ఉంది. అమ్మమ్మ కుర్చీలో ఉంది. ఆ రోజు ఆమె పిల్లను ఒక్కసారి కూడా అడగలేదు. పక్కనే ఉన్నా చేయి చాచలేదు. తెలిసే ఊరుకుందా? ముసలితనం అలసటా? ఫోటోలో ఆమె కుడిచేయి ఒళ్లో ఉంది, అరచేయి పైకి. తర్వాత ఈ ఊళ్లోనే మలంచాలో మేం ఇల్లు కట్టుకున్నాక ఆ ఫోటో ముందు గదిలో పెట్టారు. నేను దాని కింద కూర్చోను. ఎవరూ గమనించలేదు.

ఆపరేషన్ కాగానే పిల్లను తీసుకెళ్లి ఆమె చేతికింద పెడదామనుకున్నాను. పెదవి కుట్టేశాక భయపడేదేముంది? బరువు చాలలేదని డాక్టరు రెండుసార్లు వాయిదా వేశాడు. మూడోసారి తేదీ ఇచ్చారు. దానికి వారం ముందు ఒక ఉదయం, గంజి తాగుతూ అమ్మమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. నేను వెళ్లేసరికి చేతులు కట్టేసి ఉన్నాయి.

తర్వాత అంతా మామూలే. దీదీ వాళ్లు రిటైరయ్యి ఊరు మారారు. వాళ్ల మనవరాలు ఎక్కడుందో తెలియదు. మా అయిదు తరాల పేర్లతో దీవించబడ్డానని ఆమెకు తెలియదు. ఆమెకు ఇచ్చింది వెనక్కి రావాలని నేను ఎన్నడూ కోరలేదు. ఆ మాత్రం మంచితనం నాలో ఉందని చెప్పుకోవడానికే ఇది రాశానా? కొట్టెయ్యాలనిపించింది. ఉంచేస్తున్నాను.

ఇన్నేళ్లు మాట్లాడనిదాన్ని ఇప్పుడు ఎందుకు మాట్లాడుతున్నానో చెప్పాలి.

పోయిన నెల యవ్వనస్తుల కూడికలో హాసిని నిలబడి సాక్ష్యం చెప్పింది. పదిహేడేళ్లు. బాగా పాడుతుంది. కొన్ని అక్షరాలు ఇంకా ముక్కులోంచే వస్తాయి. పెదవి మీద సన్నని గీత ఉంది. నేను వెనక వరసలో కూర్చున్నాను.

"బళ్లో నన్ను చూసి నవ్వేవోళ్లు" అంది. "కానీ మా ఇంట్లో అందరికన్నా పెద్ద అమ్మమ్మకి కళ్లు లేవు. ఆమె నా పెదవి ముట్టుకున్నాది. అప్పటికింకా కుట్టలేదు. చీలిన పెదవిని ముట్టుకుని, నవ్వుతాంది అన్నాది. అందరికీ మొర్రి కనపడినాది, ఆమెకి నవ్వు కనపడినాది. దేవుడు కూడా నన్ను అలాగే ముట్టుకుంటాడని నాకు నమ్మకం."

అందరూ ఆమెన్ అన్నారు. అదే గది. కొన్ని గొంతులు కూడా అవే. నా కూతురు కళ్లు తుడుచుకుంది. మా అమ్మ, ఇప్పుడు ఇంటికి పెద్దది, కుర్చీలోంచి చేయెత్తి స్తోత్రం అంది.

నేను ఆమెన్ అనలేదు.

ఇప్పుడు చూడండి. నేను చెబితే ఆ పిల్ల నిలబడి ఉన్న పలకను కాళ్లకింద నుంచి లాగినట్టు. చెప్పకపోతే ఆమె దేవుడి గురించి నమ్మిన ఒక మాటకు నా అబద్ధం పునాది. దేవుడి గురించి ఆమె చెప్పింది నిజం. అమ్మమ్మ గురించి కూడా ఒక రకంగా నిజమే, ఆ చేయి నిజంగానే ఆమె కోసం చాచి ఉంది. మధ్యలో నిలబడిన నేనొక్కదాన్నే అబద్ధం. ఆ చేయి చాచిన సంగతి చెబుదామంటే, దాంట్లో టీ గ్లాసు పెట్టిన సంగతీ చెప్పాలి. ఒకటి లేకుండా రెండోది చెప్పే దారి పదిహేడేళ్లుగా వెతికాను. లేదు.

ధైర్యం వచ్చిందని రాయను. రాలేదు. హాసిని ప్రతి శనివారం కాలేజీ నుంచి నేరుగా నా దగ్గరికి వస్తుంది. ఈ శనివారం కూడా వస్తుంది. ఆ ఫోటో కిందే కూర్చుని టీ తాగుతుంది. అప్పుడు నేనేం చేస్తానో నాకు తెలియదు. మీ దగ్గర చెప్పడం ఆమె దగ్గర చెప్పడం కాదని మాత్రం తెలుసు. కానీ ఇంతకు ముందు ఇది ఎక్కడా లేదు, నా లోపల తప్ప. ఇప్పుడు ఈ కాగితం మీద ఉంది. నేను ఊపిరి తీసుకోవడం నాకే వినపడుతోంది.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఒక్కటి అడుగుతాను. మీరెక్కడున్నా, ఏ గుడికి వెళ్లేవాళ్లయినా, నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి. పెద్ద మాటలు వద్దు. ఆ రోజు ఆ గదిలో నేను అనాల్సిన మాట ఒక్కటే, అది నాతో పాటు పైకి అనండి. ఒంటరిగా అనడం నాకు ఇంకా చేతకావడం లేదు.

ప్రభువా, లోపల ఏడుస్తున్నది మా పిల్లే.